గేటా తల్లి

రోమ్ నగరంలోని కాపిటొలైన్ మ్యూజియంలో చక్రవర్తుల గది అని ఒకటుంది. గోడల వెంట రెండు వరుసల చలువరాతి అరలు, వాటి మీద బారులు తీరిన తలలు. ఆగస్టస్ దగ్గర మొదలుపెట్టి ఒక చుట్టు తిరిగి వచ్చేసరికి కొన్ని వందల ఏళ్ల రాజ్యం కళ్ల ముందు నుంచి వెళ్లిపోతుంది. రోమన్ చరిత్ర మీద రాయడం మొదలుపెట్టాక ఇలాంటి గదుల్లో చాలా పొద్దులు గడిపాను. ఏ ఊరి మ్యూజియానికి వెళ్లినా చివరికి నా కాళ్లు ఒక కుటుంబం ముందే ఆగిపోతాయి. తండ్రి సెప్టిమియస్ సెవెరస్. తల్లి జూలియా డోమ్నా. పెద్దకొడుకు కారకల్లా. చిన్నకొడుకు గేటా. తండ్రి కనిపిస్తాడు, పాయలు పాయలుగా చీలిన గడ్డంతో. తల్లి కనిపిస్తుంది, చెవులు కప్పేస్తూ అలలు అలలుగా దిగిన దట్టమైన జుట్టుతో. పెద్దవాడు తప్పకుండా కనిపిస్తాడు. చిన్నవాడి కోసమే వెతుక్కోవాలి.

పెద్దవాడి బొమ్మల్లో పేరుమోసింది నేపుల్స్ పురావస్తు మ్యూజియంలో ఉంది. పొట్టిగా కత్తిరించిన ఉంగరాల జుట్టు, నుదుటి మీద కత్తిగాట్ల లాంటి ముడతలు, ఎవరో వెనక నుంచి పిలిస్తే విసుక్కున్నట్టు ఒక పక్కకు తిప్పిన మెడ. రోమన్ శిల్పులు అంతకుముందు చక్రవర్తులను శాంతంగా, ఆలోచనలో ఉన్నట్టు చెక్కేవారు. ఇతను తనను చూసి జనం భయపడాలని కోరుకున్నాడు, శిల్పి ఆ కోరిక తీర్చాడు. ఇదే నమూనా తలలు బెర్లిన్‌లో, న్యూయార్క్‌లో, ఇంకా ఎన్నో చోట్ల ఉన్నాయి. కానీ నన్ను ఎక్కువ బాధపెట్టేవి ఇతని చిన్ననాటి బొమ్మలు. బుగ్గలు నిండిన, మెత్తని జుట్టున్న పసివాడు. అన్నదమ్ములకు పదకొండు నెలలే తేడా. పసితనపు తలల్లో ఎవరు కారకల్లానో ఎవరు గేటానో పండితులు కూడా ఖాయంగా చెప్పలేని సందర్భాలున్నాయి. లూవర్‌లోను, మ్యూనిక్ గ్లిప్టోతెక్‌లోను గేటావని చెప్పే తలలు ఉన్నాయి. మరికొన్ని చోట్ల బొమ్మ కింద చీటీలో పేరు పక్కన ఒక ప్రశ్నార్థకం ఉంటుంది. చంపినవాడూ చచ్చినవాడూ ఒకే పోలికతో, ఒకే చీటీ కింద నిలబడి ఉంటారు.

ఈ కుటుంబం రోమ్‌ది కాదు. సెవెరస్ క్రీ.శ. 145లో ఆఫ్రికా తీరాన, నేటి లిబియాలోని లెప్టిస్ మాగ్నాలో పుట్టాడు. జూలియాది సిరియాలోని ఎమెసా, ఇప్పటి హోమ్స్. ఆమె తండ్రి అక్కడి సూర్యదేవాలయంలో అర్చకుడు. ఆ గుళ్లో దేవుడికి విగ్రహం లేదు, ఒక నల్లరాయిని కొలిచేవారు. ఈ అమ్మాయిని చేసుకున్నవాడు రాజవుతాడని ఆమె జాతకంలో ఉందని, జ్యోతిషం మీద పిచ్చినమ్మకం ఉన్న సెవెరస్ ఆ మాట విని ఏరికోరి ఆమెను చేసుకున్నాడని చెప్పుకునేవారు. 188లో నేటి ఫ్రాన్స్‌లోని లియోన్‌లో పెద్దవాడు, మరుసటి ఏడు చిన్నవాడు పుట్టారు. అప్పటికి సెవెరస్ ఒక రాష్ట్రానికి అధికారి మాత్రమే.

193లో రోమ్ సింహాసనం అక్షరాలా వేలానికి వచ్చింది. చక్రవర్తిని కాపాడాల్సిన ప్రిటోరియన్ దళమే అతన్ని చంపి, ఎవరు ఎక్కువ ఇస్తే వాళ్లకు పదవి అని శిబిరం గోడ మీద నుంచి పాట పాడింది. దిద్యుస్ జూలియానస్ అనే ధనికుడు కొనుక్కున్నాడు. సెవెరస్ డాన్యూబ్ తీరం నుంచి సైన్యంతో దిగొచ్చాడు, ఆ కొన్నవాడి తల రాలింది. తర్వాత నాలుగేళ్లు పోటీదారులను ఒక్కొక్కరినీ తుడిచిపెట్టాడు. 197లో లియోన్ దగ్గర జరిగిన చివరి యుద్ధం రోమన్లు రోమన్లనే నరుక్కున్న పోరాటాల్లో అతి పెద్దవాటిలో ఒకటి. అది ముగిశాక సెనేట్‌లో ఇరవై తొమ్మిది మందిని చంపించాడు. గద్దె మీద తనకు హక్కుందని చూపించుకోవడానికి, చచ్చిపోయి పదిహేనేళ్లయిన పాత చక్రవర్తి మార్కస్ ఆరీలియస్‌కు తనను తానే దత్తపుత్రుడిగా ప్రకటించుకున్నాడు. పెద్దకొడుకు పేరు మార్చి మార్కస్ ఆరీలియస్ ఆంటొనినస్ అని పెట్టాడు. ఆ పిల్లవాడు పదేళ్లు నిండకుండానే తండ్రితో సమానంగా ఆగస్టస్ అన్న చక్రవర్తి బిరుదు పొందాడు. చిన్నవాడికి అదే ఏడు సీజర్ అన్న చిన్న బిరుదు దక్కింది. సమానమైన బిరుదు కోసం వాడు మరో పదకొండేళ్లు ఆగాల్సి వచ్చింది.

ఇద్దరి మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. కోడిపందేల్లో, పిట్టపందేల్లో, రథాల పోటీల్లో ఒకడు ఏ పక్షం కడితే రెండోవాడు ఎదుటి పక్షం. ఒకసారి పొట్టి గుర్రాలు కట్టిన బండ్లలో పందెం వేసుకున్నారు. పట్టుదల ఎంత ముదిరిందంటే కారకల్లా బండి మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఈ ముచ్చట చెప్పిన కాసియస్ డియో ఆ రోజుల్లో సెనేట్ సభ్యుడు, వీళ్లందరినీ కళ్లారా చూసినవాడు. అతని చరిత్రలో ఈ భాగం మనకు సంక్షిప్తంగానే అందినా, పిల్లలు పెద్దవుతున్న కొద్దీ ఆ ఇంట్లో గాలి ఎలా బిగుసుకుపోయిందో తెలుస్తూనే ఉంటుంది. తండ్రికి కుడిభుజంగా ఉన్న ప్లౌటియానస్ కూతురిని కారకల్లాకు కట్టబెట్టారు. ఆ పిల్లంటే అతనికి ఒళ్లుమంట. 205లో మామ మీద కుట్ర నేరం మోపి తండ్రి కళ్లెదుటే చంపించాడు. భార్యను లిపారి దీవికి పంపేశారు. మామను చంపి, శిక్ష లేకుండా బయటపడ్డప్పుడు ఆ కుర్రవాడి వయసు పదహారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే రోమ్ నిండా ఈ ఇంటి ఐకమత్యాన్ని రాతిలో చెక్కుతున్నారు. ఫోరమ్‌లో సెవెరస్ తోరణం 203లో లేచింది, ఇరవై మీటర్ల పైచిలుకు ఎత్తు, నెత్తిన తండ్రి పేరు, ఇద్దరు కొడుకుల పేర్లు కంచు అక్షరాల్లో. మరుసటి ఏడు పశువుల సంత దగ్గర నగరపు షరాబులు, పశువుల వ్యాపారులు చందాలు వేసుకుని ఒక చిన్న తోరణం కట్టించి ఆ కుటుంబాన్నంతా అందులో నిలబెట్టారు. సొంతూరు లెప్టిస్‌లో కట్టించిన నాలుగు ముఖాల తోరణం మీది ఒక ఫలకాన్ని ఇప్పుడు ట్రిపోలీ మ్యూజియంలో ఉంచారు. నేను దాన్ని ఫోటోల్లోనే చూశాను. తండ్రీ పెద్దకొడుకూ కుడిచేతులు కలుపుతున్నారు, ఇద్దరి మధ్యలో గేటా నిలబడి ఉన్నాడు. ఆ రాయి చెక్కించినవాళ్లకు ఇంట్లో జరిగేది తెలియకపోవడం అసాధ్యం. తెలుసు కాబట్టే అంత గట్టిగా చెక్కించారేమో అనిపిస్తుంది నాకు.

208లో సెవెరస్ భార్యనూ కొడుకులనూ వెంటబెట్టుకుని బ్రిటన్ దండయాత్రకు బయల్దేరాడు. రోమ్ విలాసాలకు దూరంగా, సైన్యం మధ్య ఉంటే కుర్రవాళ్లు బాగుపడతారని ఆశ. కీళ్లవాతంతో తను నడవలేకపోయేవాడు, చాలా దూరం పల్లకిలో మోయించుకునేవాడు. ఒకరోజు కాలెడోనియన్లతో సంధి మాట్లాడటానికి తండ్రీ కొడుకులు గుర్రాల మీద ముందు నడుస్తున్నారు, వెనక సైన్యం. కారకల్లా కత్తి దూశాడు, తండ్రి వీపులో దించబోయాడు. వెనక ఉన్నవాళ్లు కేకలు వేశారు. సెవెరస్ వెనక్కి తిరిగి ఆ కత్తిని చూశాడు, ఒక్క మాట అనలేదు. వెళ్లాల్సిన చోటికి వెళ్లి, చేయాల్సిన పని ముగించుకుని వచ్చాడు. తర్వాత గుడారంలోకి కొడుకునూ, ఆ కాలపు మహా న్యాయవేత్త, అప్పటి సేనాధ్యక్షుడు పాపీనియన్‌నూ పిలిపించి, ఒక కత్తి అందేటట్టు అక్కడ పెట్టించాడు. చంపదలుచుకుంటే ఇక్కడే చంపు, నీకు చేతులు రాకపోతే పాపీనియన్‌కు ఆజ్ఞ ఇవ్వు, నువ్వూ చక్రవర్తివే కదా, వింటాడు అన్నాడు. కొడుకు ఏమీ చేయలేదు. తండ్రీ ఏమీ చేయలేదు.

ఈ గాథలో నేను తప్పుపట్టేది ముందుగా తండ్రిని. మార్కస్ ఆరీలియస్ అంతటివాడు పనికిరాని కొడుకు కొమోడస్‌కు రాజ్యం ఎందుకిచ్చాడు, సడిచప్పుడు లేకుండా వాణ్ణి తప్పించి ఉండాల్సింది అని సెవెరస్ తరచూ అనేవాడట. కోపమొచ్చినప్పుడు కారకల్లాను కూడా అలాగే చేస్తానని బెదిరించేవాడట. వేరేవాళ్ల కొడుకులను, భార్యలను, బంధువులను పద్దెనిమిదేళ్ల పాలనలో ఎందరినో చంపించిన చెయ్యి సొంత కొడుకు దగ్గర ఆగిపోయింది. దాన్ని తండ్రి ప్రేమ అనొచ్చు. చంపమని నేననడం లేదు. వాణ్ణి గద్దెకు దూరం పెట్టొచ్చు, తమ్ముణ్ణి దూరంగా ఒక రాష్ట్రంలో భద్రంగా ఉంచొచ్చు. ఆయన చేసింది ఇంకొకటి. ఇద్దరికీ సమానంగా మొత్తం రాజ్యం రాసిచ్చి, కలిసి ఉండండి అని చెప్పి, 211 ఫిబ్రవరి 4న ఇంగ్లండ్‌లోని యార్క్‌లో కన్నుమూశాడు. సైనికులకు డబ్బు బాగా ముట్టజెప్పండి, మిగతావాళ్లను లెక్కచేయకండి అన్నది చివరి సలహాలో మిగతా సగం. పెద్దకొడుకు ఆ సగాన్ని తు.చ. తప్పకుండా పాటించాడు.

దహనం అక్కడే జరిగింది. బూడిదను కలశంలో పెట్టుకుని తల్లీ కొడుకులు రోమ్‌కు బయల్దేరారు. ఆ ప్రయాణాన్ని తలుచుకుంటే గుండె బరువెక్కుతుంది. దారి పొడవునా అన్నదమ్ములు ఒక కప్పు కింద పడుకోలేదు, ఒక బల్ల దగ్గర తినలేదు, ఎవరు ఎందులో విషం కలుపుతారోనని. మధ్యలో తల్లి, భర్త బూడిదతో. రోమ్ చేరాక రాజప్రాసాదాన్ని రెండుగా పంచుకున్నారు. లోపలి తలుపులు మూయించేశారు, ఎవరి వాకిలి వారిది, ఎవరి కావలి వారిది. చివరికి సామ్రాజ్యాన్నే చీల్చాలనుకున్నారు. ఐరోపా అన్నకు, ఆసియా తమ్ముడికి, మధ్యలో బోస్పరస్ జలసంధి హద్దు. నాయకులందరూ తలలు దించుకుని వింటుంటే జూలియా లేచి, నేలనూ నీళ్లనూ పంచుకుంటారు సరే, తల్లిని ఎలా పంచుకుంటారని అడిగిందని చరిత్రకారుడు హెరోడియన్ రాశాడు. ఇద్దరినీ దగ్గరికి లాక్కుని ఏడ్చిందట. పంపకం ఆగిపోయింది. ఆగకుండా ఉంటే గేటా బతికేవాడేమో. కొడుకులను విడదీయలేని ప్రేమే చిన్నవాడి ప్రాణం మీదికి తెచ్చింది. ఈ గాథలో నాకు అన్నిటికన్నా భరించలేనిది ఇదే.

డిసెంబరులో సాటర్నేలియా పండుగ వచ్చింది. ఆ సందడిలోనే తమ్ముణ్ణి చంపాలని అనుకున్నాడు కారకల్లా, కుదరలేదు. గేటా చుట్టూ రాత్రింబవళ్లు సైనికులు, మల్లులు కాపలా ఉండేవారు. అప్పుడు తల్లిని అడ్డం పెట్టుకున్నాడు. రాజీ పడదాం, నీ గదికి ఇద్దరినీ పిలిపించు అన్నాడు. కన్నకొడుకు రాజీ అంటే ఏ తల్లి కాదంటుంది? జూలియా నమ్మింది, తల్లి పిలిచింది కాబట్టి గేటా కూడా నమ్మి కావలివాళ్లు లేకుండా వచ్చాడు. గదిలో అడుగుపెట్టాక అన్న ముందే సిద్ధం చేసి ఉంచిన సైనికులు మీద పడ్డారు. పిల్లవాడు పరుగెత్తి తల్లి మెడ పట్టుకున్నాడు, ఆమె రొమ్ముకు అతుక్కుపోయి అమ్మా అమ్మా అని అరిచాడు. ఆ చేతుల్లోనే పొడిచేశారు. ఆమె ఒళ్లంతా కొడుకు నెత్తురు. తన చేతికి తగిలిన కత్తిగాయాన్ని ఆమె గమనించనే లేదని డియో రాశాడు. గేటాకు ఇరవై రెండేళ్లు.

కారకల్లా అక్కడి నుంచి ఒక్క పరుగున ప్రిటోరియన్ శిబిరానికి వెళ్లి, తమ్ముడు తనను చంపబోతే తప్పించుకొచ్చానని చెప్పాడు. ఒక్కొక్కరికీ 2,500 వెండి నాణేలు పంచుతానన్నాడు. తండ్రి చెప్పిన సలహా అక్కరకు వచ్చింది. తల్లికి ఏడ్చే హక్కు కూడా ఇవ్వలేదు. పెద్ద ఆపద నుంచి బయటపడ్డట్టు ఆమె నవ్వుతూ కనిపించాలి, ఆమె ముఖం రంగు మారినా చూసి చెప్పే వేగులున్నారు. ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు కూడా కన్నీరు పెట్టే స్వేచ్ఛ లేదు. మార్కస్ ఆరీలియస్ కూతురు కోర్నిఫీసియా, అప్పటికి ముసలావిడ, జూలియా దగ్గర కూర్చుని ఏడ్చిందన్న నేరానికి చావాల్సి వచ్చింది. గేటా పక్షం వాళ్లని పేరు పెట్టి చంపినవారు ఇరవై వేల మంది అని డియో లెక్క. ఆ రోజు గుడారంలో కత్తి పక్కన మౌనంగా నిలబడ్డ పాపీనియన్ కూడా వారిలో ఒకడు.

తర్వాత పేరు మీద పడ్డారు. ఫోరమ్‌లోని సెవెరస్ తోరణం దగ్గర నిలబడి పైకి చూస్తే శాసనం నాలుగో వరుస మిగతావాటిలా ఉండదు, అక్కడి రాయి కాస్త లోతుకు పోయి ఉంటుంది. గేటా పేరు, బిరుదు పీకేసి, ఆ స్థలంలో ఉత్తములు, మహావీరులు అయిన రాజులకు అని తండ్రికీ అన్నకూ పొగడ్త నింపారు. కంచు అక్షరాలన్నీ తర్వాతి కాలంలో ఎవరో ఊడబెరుక్కుపోయారు. వాటిని బిగించిన మేకుల బెజ్జాలు మిగిలాయి. ఇప్పుడున్న అక్షరాలకు సరిపోని బెజ్జాలు కొన్ని ఆ వరుసలో ఉన్నాయి. శాసన పండితులు వాటిని ఒకదానితో ఒకటి కలుపుకుంటూ పాత పేరును తిరిగి చదివారు.

అక్కడి నుంచి టైబర్ వైపు కాస్త నడిస్తే, సాన్ జార్జియో చర్చి గోడకు ఆనుకుని షరాబుల తోరణం ఉంటుంది. దాని లోపలి గోడ మీది ఫలకాన్ని నేను ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు, అలాగని ఎక్కువసేపు చూడనూ లేను. సెవెరస్ తలమీద ముసుగుతో హోమపాత్ర దగ్గర ఆహుతి ఇస్తున్నాడు. పక్కన జూలియా. ఆమె పక్కన ఒక మనిషి పట్టేంత చోటు ఖాళీ. అక్కడ గేటా ఉండేవాడు. ఉలి దెబ్బలకు రాయి గరుకుగా, ఎగుడుదిగుడుగా మిగిలింది. అతని ఒంటికి ఆనుకుని ఉన్న తల్లి చేతిని మళ్లీ చెక్కాల్సి రావడంతో ఆ చెయ్యి తీరు ఇప్పటికీ సహజంగా కనిపించదు. ఎదుటి గోడ మీద కారకల్లా ఒక్కడే ఉన్నాడు. అతని పక్కన భార్యా మామా ఉండేవారు. వాళ్లనూ గీకేశారు. షరాబులు చందా వేసి చెక్కించిన కుటుంబంలో చివరికి ముగ్గురే మిగిలారు.

ఈజిప్టులో దొరికిన పపైరస్ పత్రాల్లో కూడా గేటా పేరు కొట్టేసి ఉంటుంది. ఆసియా మైనర్ పట్టణాల కంచు నాణేల్లో కొన్నిటి మీద అన్నదమ్ముల తలలు ఎదురెదురుగా ఉంటాయి, ఒక తల సుత్తితో చదును చేసి ఉంటుంది. తమ్ముడి విగ్రహాలు నిలిపిన దిమ్మల మీద కూడా కారకల్లా కక్ష తీర్చుకున్నాడని, అతని నాణేలు కరిగించాడని డియో మాట. తమ్ముణ్ణి చంపిన కత్తిని తర్వాత అలెగ్జాండ్రియాలో సెరాపిస్ దేవుడి గుళ్లో మొక్కుగా సమర్పించాడు.

ఇంత తుడిచివేతలో ఒక వస్తువు మాత్రం రంగులతో మిగిలింది. బెర్లిన్‌లోని ఆల్టెస్ మ్యూజియంలో ఉన్న గుండ్రని కర్ర పలక అది, అడుగు వ్యాసం ఉంటుందంతే. ఈజిప్టులో 200 ప్రాంతంలో వేసింది. చక్రవర్తి కుటుంబాన్ని కర్ర పలక మీద రంగుల్లో చూపించే బొమ్మల్లో మనకు మిగిలింది దాదాపు ఇదొక్కటే. కుడివైపు సెవెరస్, చామనచాయ, నెరుస్తున్న గడ్డం, తలమీద రాళ్లు పొదిగిన బంగారు కిరీటం. ఎడమవైపు జూలియా, ఆయనకన్నా తెల్లని ఒళ్లు, మెడలో ముత్యాలు, చెవులకు ముత్యాల లోలాకులు, పెద్ద కళ్లు. ముందు ఇద్దరు పిల్లలు. కుడిపక్క బొద్దు ముఖం కారకల్లా. ఎడమపక్క, తల్లికి సరిగ్గా ముందు నిలబడ్డ పిల్లవాడికి బట్టలున్నాయి, భుజాలున్నాయి, ముఖం లేదు. మెడ పైన మాసిన గోధుమరంగు మరక. ఎవరో పనిగట్టుకుని గీకి తుడిచారు. అది గేటాయేనని ఎక్కువమంది పండితుల మాట. చలువరాయి అన్నీ దాచుకుంటుంది. 211కి ముందు చెక్కిన జూలియా ముఖానికీ తర్వాత చెక్కిన ముఖానికీ దుఃఖం తేడా తెలియదు, రెండూ నిండుకుండల్లా తొణకవు. ఈ పలక ఒక్కటే ఆమెకు ఏం జరిగిందో చెబుతుంది. కొడుకు లేని ఆ చోటు మీదుగా ఆమె కళ్లు మనవైపు చూస్తుంటాయి.

తమ్ముడి హత్య జరిగిన మరుసటి ఏడే, 212లో, సామ్రాజ్యంలోని స్వతంత్రులందరికీ కారకల్లా రోమన్ పౌరసత్వం ఇచ్చాడు. పన్నుల కోసమే ఇచ్చాడని డియో అంటాడు. ఎందుకిచ్చినా లోకాన్ని మార్చిన శాసనం, దాని చిరిగిన ప్రతి జర్మనీలోని గీసెన్ విశ్వవిద్యాలయంలో ఉంది. అతని బంగారు నాణెం మన దాకా కూడా వచ్చింది. పల్నాడులోని వినుకొండ దగ్గర దొరికిన రోమన్ బంగారు నాణేల నిధిలో తిబేరియస్ నుంచి కారకల్లా దాకా చక్రవర్తుల ముద్రలున్నాయి. మిరియాలకో మేలిబట్టలకో బదులుగా కృష్ణా తీరానికి చేరిన బంగారం. వెయ్యేళ్ల తర్వాత దాయాదులు కారంపూడిలో కత్తులు దూసుకున్న నేలలోనే ఆ ముద్ర దొరకడం యాదృచ్ఛికమే. అయినా పల్నాటి కథ విని పెరిగిన నాకు ఆ సంగతి తెలిసిన రోజు నిద్ర పట్టలేదు.

గేటా చచ్చాక జూలియా ఐదేళ్లు బతికింది. హంతకుడైన కొడుకు వెంట యుద్ధాలకు వెళ్లింది, అంతియోక్‌లో కూర్చుని అతనికి వచ్చే అర్జీలూ ఉత్తరాలూ చూసింది. చుట్టూ తత్వవేత్తలను చేర్చుకుంది. తయానాకు చెందిన అపోలోనియస్ అనే జ్ఞాని జీవితం రాయమని ఫిలోస్ట్రాటస్‌ను పురమాయించింది ఆమే. ఆ జ్ఞాని తక్షశిల దాకా నడిచివచ్చి మన పండితులతో మాట్లాడినట్టు ఆ పుస్తకంలో ఉంది. అది పూర్తయ్యేనాటికి ఆమె లేదు. 217 ఏప్రిల్ 8న, ఇరవై తొమ్మిదేళ్లు నిండిన నాలుగో రోజున, కారకల్లా కార్హే సమీపంలో చంద్రుడి గుడికి వెళ్తూ దారిలో ఒంటేలుకు గుర్రం దిగాడు. మార్టియాలిస్ అనే సైనికుడు దగ్గరికి వచ్చి పొడిచాడు. దాని వెనక ఉన్న సేనాధ్యక్షుడు మాక్రినస్ కొత్త చక్రవర్తి అయ్యాడు. కబురు అంతియోక్‌కు చేరింది. అప్పటికే జూలియాకు రొమ్ములో కంతి. ఏడుస్తూ గుండెలు బాదుకోవడంతో అది మరీ ముదిరింది. అన్నం మానేసి ప్రాణం విడిచింది. ఆమె ఏడ్చింది కొడుకు కోసం కాదు, చేజారిన అధికారం కోసమని డియో తీర్పు. ఇక్కడ డియోతో నాకు పేచీ ఉంది. చిన్నకొడుకు చచ్చిన రోజున ఏడవనివ్వలేదు, పెద్దకొడుకు చచ్చిన రోజున ఏడిస్తే లెక్కలు కట్టారు. ఇద్దరి కోసం దాచుకున్న ఏడుపు ఆ రోజు ఒక్కసారే వచ్చి ఉంటుందని ఆ సెనేటరుకు తోచలేదు.

ఆమె అక్క మేసా మనవళ్లను గద్దెనెక్కించడంతో ఈ వంశం మరో పదిహేడేళ్లు నిలిచింది. 235లో చివరివాడు అలెగ్జాండర్‌ను, అతని తల్లినీ కలిపి సైనికులు రైన్ తీరపు శిబిరంలో చంపేశారు. రోమ్‌కు దాదాపు యాభై ఏళ్ల అరాచకం పట్టుకుంది. అదంతా వేరే కథ. మేసా చేసిన ఒక పనికి మాత్రం నేను చేతులెత్తి మొక్కుతాను. చెల్లెలి ఎముకలనూ, గేటా ఎముకలనూ తీయించి, హేడ్రియన్ కట్టించిన చక్రవర్తుల సమాధిలోకి చేర్చింది. సెవెరస్ బూడిద అప్పటికే అక్కడుంది. కారకల్లా అస్థికలను మాక్రినస్ రాత్రిపూట గుట్టుగా అక్కడికే పంపాడు.

ఆ సమాధి ఇప్పుడు కాస్టెల్ సాంట్ ఆంజెలో పేరుతో టైబర్ ఒడ్డున మ్యూజియంగా ఉంది. రోమ్ వెళ్లే మనవాళ్లు చాలామంది కొలీసియం చూసి, వాటికన్ చూసి వెనక్కి తిరుగుతారు. ఈ మూడు చోట్లూ ఆ రెండింటి మధ్య దారిలోనే ఉన్నాయి. వీలైతే ఈ వరసలో చూడండి: ముందు గేటా పేరు తీసేసిన తోరణం, తర్వాత అతని బొమ్మ తీసేసిన తోరణం, చివరికి అతన్ని అమ్మ దగ్గరికి చేర్చిన సమాధి.